యాంటెనా ఎక్కడ పెట్టాలి? పికప్ ట్రక్కు యజమానులకు ఉచిత సలహాలు

టెక్సస్‌లో స్థిరపడ్డ మనవాడికి ఇల్లు, పెరడు అమరిపోయాక చూపు పికప్ ట్రక్కు మీద పడుతుంది. పెరట్లో కరివేపాకు చెట్టుకి మట్టి బస్తాలు తెచ్చుకోవాలని వంక చెబుతాడు. ఆ బస్తాలు కారు డిక్కీలో కూడా పడతాయని ఇంట్లోవాళ్లు మొత్తుకున్నా వినడు. ట్రక్కు వచ్చి వాకిట్లో నిలబడ్డాక చూపు రేడియో మీదికి మళ్లుతుంది. వసంతకాలంలో సుడిగాలి సైరన్లు మోగినప్పుడు సెల్ టవర్లు పోతే ఏం చేస్తాం అంటాడు. బిగ్ బెండ్ జాతీయ పార్కు వైపు పోతే మైళ్ల తరబడి ఫోనుకి సిగ్నల్ ఉండదంటాడు. రెండు మాటల్లోనూ నిజం ఉంది కాబట్టి ఎవరూ కాదనలేరు.

లైసెన్సు పెద్ద విషయం కాదు. అమెరికాలో హామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో, లైసెన్సుకి పౌరసత్వం అక్కర్లేదు, హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లూ పరీక్ష రాసుకోవచ్చు. తొలి మెట్టు టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలు ఇస్తారు, 26 సరిగ్గా పెడితే చాలు. పైగా ప్రశ్నల బ్యాంకు మొత్తం జవాబులతో సహా ముందే బయటపెడతారు. గైడ్లు బట్టీపట్టి ఎంసెట్ దాటిన జాతికి దీన్ని పరీక్ష అనడం కూడా మర్యాద కాదు.

చిక్కంతా ఆ తరవాతే. యాంటెనా ట్రక్కు మీద ఎక్కడ బిగించాలి? రేడియో తెలిసినవాణ్ణి ఎవర్నడిగినా ఒకటే జవాబు: కప్పు నడిమధ్య, రేకుకి చిల్లు పొడిచి. ఎందుకని అడిగారో, పాఠం మొదలుపెడతారు. పైకి కనిపించే కడ్డీ సగం యాంటెనాయేనట, మిగతా సగం దాని కింద ఉన్న లోహపు రేకట. ఆ రేకుని గ్రౌండ్ ప్లేన్ అంటారు. హాములు, అంటే ఈ లైసెన్సున్నవాళ్లు, ఎక్కువగా వాడే రెండు మీటర్ల బ్యాండులో, అంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర, పావు తరంగం పొడవు సుమారు అర మీటరు. కప్పు మధ్యలో పెడితే కడ్డీ చుట్టూ నాలుగు పక్కలా అంతకి తగ్గకుండా రేకు దొరుకుతుంది, అందుకని మాట అన్ని దిక్కులకీ ఇంచుమించు సమంగా పోతుంది. పైగా ట్రక్కులో అన్నిటికంటే ఎత్తయిన చోటు అదే. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోయే రకం కాబట్టి ఎత్తు పెరిగిన కొద్దీ మేలు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఇది రేడియో గురించి ఆలోచించేవాడి మాట. ట్రక్కు గురించి, దాని నెలవాయిదా గురించి, ఆదివారం గుడి పార్కింగులో దాన్ని చూడబోయే పదిమంది గురించి ఆలోచించేవాడి మాట కాదు. అలాంటివాళ్ల కోసమే ఈ సలహాలు.

మొట్టమొదట అందం చూడండి. రోడ్డుకి అవతల నిలబడి ట్రక్కుకి ఫోటో తీయండి. ఫోనులో ఆ ఫోటో మీద వేలితో గీతలు గీస్తూ యాంటెనా ఎక్కడుంటే ఠీవిగా ఉంటుందో తేల్చుకోండి. చాలామందికి వెనక బెడ్డు, అంటే సామాన్లేసే తొట్టి, మూల నచ్చుతుంది. పాత సినిమాల్లో పోలీసు జీపుకి పొడుగాటి కడ్డీ వెనకెక్కడో ఊగుతూ ఉండేది కదా, ఆ ముచ్చట. అక్కడ పెట్టినప్పుడు కడ్డీ కింది భాగం క్యాబిన్ చాటున పడిపోతుందని పండితులు అంటారు. రేకంతా ఒకే పక్కన ఉంటుంది కాబట్టి మాట కూడా ఆ పక్కకే ఎక్కువగా పోతుందనీ, వెనక ఎడమ మూలన పెడితే ముందు కుడి దిక్కుకి బలంగా, మిగతా దిక్కులకి నీరసంగా వినబడుతుందనీ అంటారు. అననివ్వండి. ఎటు వినబడకపోతే అటు మనకి చుట్టాలు లేరనుకుంటే సరి.

ఒక్కటి పెడితే ట్రక్కు ఒంటి కొమ్ము ఎద్దులా కనబడుతుందని బాధపడేవాళ్లు రెండు అద్దాలకీ చెరొకటి పెట్టండి. పెద్ద పెద్ద పద్దెనిమిది చక్రాల లారీలకి అలాగే ఉంటాయి, ఆ లారీవాళ్లకి తెలియనిది మనకి తెలుసా? లారీవాళ్లు వాడే సీబీ రేడియో 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అక్కడ పావు తరంగమే తొమ్మిది అడుగులు. జంట యాంటెనాలు ఒకదానికొకటి సాయపడాలంటే వాటి మధ్య సుమారు అంత ఎడం ఉండాలి. లారీ వెడల్పుకి ఆ ఎడం ఇంచుమించు సరిపోతుంది. పికప్ ట్రక్కు ఒళ్లు ఏడడుగులు కూడా ఉండదు కాబట్టి రెండూ దగ్గర దగ్గరగా నిలబడి ఒకదాని పని ఇంకొకటి చెడగొడతాయి. చెడగొడితే చెడగొట్టనివ్వండి, చూసేవాడికి రెండున్నాయని తెలుస్తుందిగా.

ఇక వాస్తు. ఈ విషయంలో ఇంగ్లీషు పుస్తకాలు పూర్తిగా మౌనం వహించాయి కాబట్టి మనమే చెప్పుకోవాలి. తరంగాలు గాలిలో పోతాయి, గాలికి అధిపతి వాయువు, ఆయన మూల వాయవ్యం. కనక యాంటెనా వాయవ్యంలో ఉండాలి. ట్రక్కు వాకిట్లో తూర్పు ముఖంగా నిలబెట్టినప్పుడు వెనక ఎడమ మూల సరిగ్గా వాయవ్యం అవుతుంది. చూశారా, అందం, శాస్త్రం ఒకే చోట కలిశాయి.

అయితే ఒక చిన్న ఇబ్బంది. ఫ్రిస్కో నుంచి డాలస్ నార్త్ టోల్‌వే మీద ఆఫీసుకి దక్షిణంగా పోతున్నంతసేపూ ఆ మూల ఈశాన్యం అవుతుంది. సాయంత్రం ఉత్తరంగా ఇంటికి తిరిగొస్తుంటే నైరుతి అవుతుంది. నైరుతిలో బరువుండొచ్చు గాని వాయువు ఉండకూడదని కొందరి వాదం. వాళ్ల కోసం పరిహారం: పొద్దున రేడియోలో మాట్లాడండి, సాయంత్రం వింటూ ఊరుకోండి.

ఈ సలహా ఆచరణలో పెట్టిన ఒకాయన ఉన్నాడు. గుడి పార్కింగులో ట్రక్కు ఆపి, రిపీటర్ ద్వారా నేస్తాన్ని పిలిచాడు. రిపీటర్ అంటే ఎత్తయిన టవర్ మీద కూర్చుని బలహీనమైన మాటని అందుకుని బలంగా తిరిగి పంపే యంత్రం. జవాబు లేదు. ట్రక్కుని కాస్త తిప్పి మళ్లీ పిలిచాడు. గరగర. ఇంకాస్త తిప్పాడు. ముందు కుడి మూల టవరు వైపు తిరిగేసరికి గొంతు గంటలా వినబడింది. కారణం చెప్పుకున్నాం కదా, రేకు ఎటుంటే మాట అటు. ఆయన మాత్రం గుడి ఆవరణ మహిమ అనుకున్నాడు. ఇప్పుడు ఎవరితో మాట్లాడాలన్నా ముందు ట్రక్కుతో ఒక ప్రదక్షిణ చేస్తాడు. కప్పు మధ్యలో పెట్టుకున్నవాడికి ఈ పుణ్యం ఎక్కడిది?

చిల్లు పొడవడం ఇష్టం లేనివాళ్లకి అయస్కాంతం మౌంటు ఉంది. రేకు మీద పెడితే అదే కరుచుకుంటుంది, వద్దనుకుంటే పీకేయొచ్చు. మా బావమరిది దీనికే మొగ్గాడు. కొత్త ట్రక్కు, కొత్త మౌంటు, శనివారం పొద్దున్నే ఫోను.

"బావా, ఇది పట్టుకోవట్లేదు."

"కింద దుమ్ముందేమో, తుడిచి పెట్టరా."

"తుడిచాను. అద్దంలా ఉంది. అయినా జారిపోతోంది."

"అయితే అయస్కాంతం నాసిరకం. ఇంకా పెద్దది కొను."

కొన్నాడు. మూడు అయస్కాంతాలు ముక్కాలిపీటలా అమర్చిన మౌంటు, చేతిలోకి తీసుకుంటే మణికట్టు లాగేసేంత బరువు. అదీ జారి అద్దం మీదుగా బానెట్ మీదికొచ్చి కూర్చుంది. సంగతేమిటంటే, అయస్కాంతం ఇనుముని పట్టుకుంటుంది, ఉక్కుని పట్టుకుంటుంది, అల్యూమినియాన్ని పట్టుకోదు. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే పికప్పుల్లో ఒకటైన ఫోర్డ్ ఎఫ్‌-150కి 2015 మోడల్ నుంచి క్యాబిన్, బెడ్డు అన్నీ అల్యూమినియం మిశ్రమంతోనే చేస్తున్నారు. కింద చట్రం మాత్రమే ఉక్కు. 2017 నుంచి దాని అన్నగారు సూపర్ డ్యూటీకీ అదే ఒళ్లు. అల్యూమినియం గ్రౌండ్ ప్లేనుగా బ్రహ్మాండంగా పనికొస్తుంది, విద్యుత్తు ఉక్కులో కంటే దాన్లోనే సుఖంగా పారుతుంది. అయస్కాంతానికి మాత్రం అది పరాయిది. కాబట్టి ట్రక్కు కొనేటప్పుడు జేబులో ఒక ఫ్రిజ్ అయస్కాంతం పెట్టుకెళ్లి కప్పు మీద ఆనించి చూడమని కొందరు చెబుతారు. ఆ పని చేయొద్దు, సేల్స్‌మన్ ముందు పరువు పోతుంది. మా బావమరిది మౌంటు ప్రస్తుతం గరాజులో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. అక్కడ మాత్రం ఊడదీద్దామన్నా రావట్లేదు.

ఉక్కు కప్పు ఉన్న అదృష్టవంతులు అయస్కాంతం పెట్టాక దాన్ని మళ్లీ తీయకండి. తీసి తుడవాలనీ, లేకపోతే అంచుల్లో చేరిన దుమ్ము, ఇసుక రేణువులు ట్రక్కు ఊగినప్పుడల్లా రంగుని చెక్కుతాయనీ అంటారు. నిజమే, ఏడాది తరవాత తీసి చూస్తే రంగు మీద గుండ్రటి మచ్చ, లోపల తుప్పు మొదలు కనబడతాయి. అందుకే తీయొద్దంటున్నాను. చూడని మచ్చ మచ్చ కాదు.

బెడ్డు గోడకి బిగిద్దామనుకునే వాళ్లు ట్రక్కు తయారీ గురించి ఎక్కువగా చదవకండి. 2005 నుంచి టొయోటా టకోమా బెడ్డు లోహం కాదు, గాజుపీచు కలిపిన ప్లాస్టిక్ లాంటి మిశ్రమం. శాన్ ఆంటోనియోలో తయారయ్యే టండ్రా బెడ్డూ 2022 నుంచి అలాంటిదే. దానికి యాంటెనా బిగిస్తే గోడకి మేకు కొట్టి చొక్కా తగిలించినట్టే. కడ్డీ ఉంటుంది, మిగతా సగం ఉండదు. చట్రం దాకా ఒక రాగి జడ పట్టీ లాగి బోల్టుతో బిగించాలంటారు, అది కూడా సగం మందే. లోహపు బెడ్డయినా సరే, క్యాబినూ బెడ్డూ చట్రం మీద విడివిడిగా కూర్చుంటాయి కాబట్టి వాటిని పట్టీలతో కలపమంటారు. బానెట్‌కీ అంతే. కీలు మీద తిరిగే ఆ మూతకి, ఒంటికి మధ్య గ్రీజు, రంగు తప్ప నికరమైన లోహపు స్పర్శ ఉండదు. ఇవన్నీ చేస్తూ కూర్చుంటే రేడియోలో మాట్లాడేదెప్పుడు?

బెడ్డు మీద పెట్టే పనిముట్ల పెట్టె, క్యాబిన్ వెనక అమర్చే ఇనుప చట్రం, వెనక అద్దం పైనున్న మూడో బ్రేకు దీపం దగ్గరి బ్రాకెట్టు, అన్నీ భేషైన చోట్లే. నల్లటి పౌడర్ కోటింగ్ ఉన్నవైతే మరీ మంచిది. ఆ పూత విద్యుత్తుని రానివ్వదు కాబట్టి బోల్టు కింద కొంచెం గీకి లోహం బయటపెట్టమంటారు. ఇంత అందమైన నలుపుని గీకడానికి చేతులెలా వస్తాయి?

ఇప్పుడు చిల్లు గురించి నిజం చెబుతాను, ఎందుకంటే మీరు దాని జోలికి పోకుండా ఉండాలి. ఎన్‌ఎంఓ అనే మౌంటు ఉంది, పోలీసు కార్ల మీదా అంబులెన్సుల మీదా కనబడేది ఎక్కువగా అదే. దానికి 19 మిల్లీమీటర్ల చిల్లు చాలు, రూపాయి బిళ్ల కంటే చిన్నది. క్యాబిన్ లోపల పై దీపాన్ని ఊడదీస్తే కప్పు రేకు అడుగు భాగం కనిపిస్తుంది. అడ్డంగా పోయే దూలం ఎక్కడుందో వేలితో తడిమి, దాన్ని తప్పించి గుర్తు పెట్టుకుంటారు. పైన మాస్కింగ్ టేపు అతికించి, దాని మీద పెన్సిలుతో అడ్డగీత, నిలువు గీత. ఆ మౌంటు కోసమే చేసిన రంపం బిళ్లకి అంచు ఉంటుంది, రేకు తెగగానే అది ఆగిపోతుంది, లోపలి గుడ్డ పైకప్పుదాకా దిగదు. కీచుమని ఓ అరనిమిషం చప్పుడు, సన్నటి వెండి రజను, ఒక గుండ్రటి బిళ్ల చేతిలో పడుతుంది. రజను అక్కడే వదిలేస్తే రంగులో దిగి తుప్పు మరకలవుతుంది కాబట్టి కుంచెతో ఊడ్చి పారేస్తారు. మౌంటు అడుగున పళ్లు రేకు వెనక వైపున్న లోహాన్ని కొరుకుతాయి, పైన రబ్బరు వలయం వాన నీటిని ఆపుతుంది. రేడియో అక్కర్లేనప్పుడు యాంటెనా విప్పి మూత బిగిస్తే సరిపోతుంది. అలవాటున్నవాళ్లు ఒక పూటలో ముగిస్తారు.

అంతా విన్నాక మీకూ నాలాగే అనిపించాలి: లక్షల విలువైన బండికి చిల్లా! అదే బండి తలుపు కిరాణా కొట్టు బండి తగిలి సొట్ట పోతే ఏమీ అనం గాని, మన చేత్తో మనం ఒక పనికొచ్చే చిల్లు పెట్టడమంటే ప్రాణం ఒప్పదు.

తీగ గురించి చెప్పడం మరిచాను. రేడియో నుంచి యాంటెనాకి పోయే కోయాక్స్ తీగని తలుపు సందులోంచి లోపలికి లాగండి. తలుపు వేసిన ప్రతిసారీ అది నలిగి, లోపలి రాగి తీగకీ చుట్టూ ఉన్న అల్లికకీ మధ్య దూరం మారి, కొన్నాళ్లకి రేడియో పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. అప్పుడు రేడియో మార్చేయండి. ముందు కిటికీ పక్క స్తంభం తొడుగు వెనకనుంచి తీగ లాగుదామనుకునే వాళ్లని ఒక్క విషయంలో మాత్రం ఆటపట్టించను. అక్కడా, తలుపుల పైఅంచు పొడుగునా మడిచి పెట్టిన పక్క ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. వాటికి అడ్డంగా, వాటి ముందుగా తీగ పోనివ్వకండి. ఈ ఒక్క సలహా నిజం సలహా.

తీగ ఎంత పొడుగుంటే అంత మంచిది. మిగిలింది సీటు కింద చుట్టగా చుట్టి పడేయండి. దీనివల్ల ఒక గొప్ప లాభం ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు అని ఒకటుంటుంది. రేడియో పంపిన శక్తిలో యాంటెనా తీసుకోకుండా తిప్పికొట్టింది ఎంతో అది చెబుతుంది. ఒకటికి ఒకటి అంటే ఏమీ తిరిగిరాలేదని, రెండుకి ఒకటి అంటే సుమారు 11 శాతం, మూడుకి ఒకటి అంటే 25 శాతం వెనక్కొచ్చిందని. ఇప్పుడు సన్నటి, చవక తీగ వేశారనుకోండి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర అయిదు మీటర్ల సన్న తీగలోనే దాదాపు అయిదోవంతు శక్తి వేడిగా పోతుంది. తిరిగొచ్చే శక్తి కూడా అదే తీగలో అరిగిపోతూ వస్తుంది కాబట్టి మీటరు దాకా వచ్చేది తక్కువ. తీగ ఎంత చెడ్డదైతే మీటరు అంత మంచి మార్కులేస్తుంది! మా బావమరిది ఈ కిటుకు పట్టేశాడు. ఇప్పుడు ఎవరైనా మాట వినబడట్లేదంటే మీటరు ఫోటో పంపుతాడు.

డమ్మీ లోడ్ అనే రెసిస్టరు డబ్బా తగిలిస్తే మీటరు నూటికి నూరు చూపిస్తుంది. అది శక్తినంతా తనలోనే వేడిగా మార్చుకుంటుంది, గాలిలోకి దాదాపు ఏమీ పోదు. సత్తా అంటే అదీ.

అద్దానికి అతికించే యాంటెనాలు కూడా ఉన్నాయి. బయట ఒక బిళ్ల, లోపల ఒక బిళ్ల, మధ్యలో అద్దం. టెక్సస్ ఎండకి అందరూ అద్దాలకి టింట్ వేయిస్తారు. ఆ టింటులో లోహపు పొర ఉంటే తరంగాలు అక్కడే ఆగిపోతాయి. చల్లగా ఉంటుంది, అది చాలదా? ఇంకా బద్ధకమైతే యాంటెనాని లోపలే, డ్యాష్‌బోర్డు మీద, వినాయకుడి పక్కన నిలబెట్టండి. చుట్టూ ఉన్న రేకు మాటని లోపలే పట్టి ఉంచుతుంది. 50 వాట్ల రేడియో తరంగాలు తలకి అడుగు దూరంలో పుడుతుంటే మంచిది కాదని, మనుషుల ఒంటి మీద పడే రేడియో శక్తికి అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ నియమాలే ఉన్నాయని, 2021లో వాటి ప్రకారం లెక్క చూసుకోవడం హాములందరికీ తప్పనిసరి చేశారని ఎవరైనా అంటే, మీ ట్రక్కులో మీరు తప్ప ఎవరూ కూర్చోరని చెప్పండి. పిల్లలు కూర్చుంటారని గుర్తుచేస్తే మాట మార్చండి.

పొడుగు విషయంలో పిసినారితనం వద్దు. సీబీ వాళ్ల 102 అంగుళాల ఉక్కు కడ్డీ, అంటే ఎనిమిదిన్నర అడుగులది, కప్పు మీద పెట్టండి. ట్రక్కు ఆరున్నర అడుగులు, కడ్డీ ఎనిమిదిన్నర, మొత్తం పదిహేను. టెక్సస్‌లో బండి ఎత్తు 14 అడుగులు దాటకూడదని చట్టం. పద్నాలుగంటే పద్నాలుగని ఎవరు టేపు పట్టి కొలుస్తారు? చెట్టు కొమ్మలు కొలుస్తాయి, డ్రైవ్-త్రూ బోర్డులు కొలుస్తాయి. కరెంటు తీగలు కూడా కొలుస్తాయి, వాటికి తగిలితే సలహా ఇవ్వడానికి నేనుంటాను గాని వినడానికి మీరుండరు. అర మీటరు కడ్డీతో కూడా మామూలు ఏడడుగుల గరాజు తలుపులోకి పోవడం కుదరదు కాబట్టి మడతపడే మౌంటు గాని, వంగే సన్న కడ్డీ గాని వాడమంటారు. నా సలహా వేరు: గరాజు తలుపు మార్చండి.

కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్టు నుంచి తీసుకోండి. 50 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు పది ఆంపియర్లకి పైగానే లాగుతుంది, ఆ సాకెట్టు ఫ్యూజు మాటిమాటికీ పోతుంది. మామూలుగా అయితే బ్యాటరీ దగ్గరి నుంచే దళసరి తీగ, మొదట్లోనే ఫ్యూజు పెట్టుకుంటారు. ఫ్యూజులు చవక, డజను కొని గ్లవ్ బాక్సులో పెట్టుకుంటే సరి. ఆల్టర్నేటరు కూత రేడియోలో వినిపిస్తే ఇంజను ఆపి మాట్లాడండి.

చివరగా పూజ. వాహన పూజలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఎటూ ఉంటాయి. యాంటెనా మొదట్లో పసుపు ముద్ద దండిగా పెట్టండి, కడ్డీకి నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు దండ గుచ్చండి. పుల్లటి తడి ఇత్తడి మౌంటులోకి దిగి, ఉక్కు కప్పు మీద తుప్పుకి, అల్యూమినియం కప్పు మీద తెల్లటి బూజులాంటి పొడికి నాంది పలుకుతుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పుతడి చేరితే జరిగే పనే అది. దిష్టి మాత్రం తగలదు.

యాంటెనా అందం పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. హైదరాబాదులో 1983లో పుట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. ఆ సంస్థ తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లో రేడియో స్టేషన్ నడుపుతుండగా సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు ఆమె స్టేషన్ ద్వారా వెళ్లాయి. యాంటెనా ఎక్కడ అందంగా ఉంటుందని వాళ్లెవరూ ఫోటోలు తీసి చూసుకోలేదు, మాట ఎక్కణ్ణుంచి పోతుందో అక్కడ నిలబెట్టారు. అలాంటివాళ్లని చూసి మీరు నిరుత్సాహపడకండి.

ఇంత చెప్పినా కప్పు నడిమధ్యనే చిల్లు పొడిపించుకుంటామంటే మీ ఇష్టం. పొట్టి కడ్డీ చాలు, మౌంటు అడుగున లోహం శుభ్రంగా ఉండాలి, తీగ మంచిదీ అవసరమైనంత పొడుగుదీ కొనాలి, పనికి ముందు మీ ట్రక్కు కంపెనీ ఇచ్చే రేడియో అమరిక సూచనలు ఒకసారి చదవాలి. అప్పుడు మీ మాట నాలుగు దిక్కులా స్పష్టంగా వినబడితే నన్ను మాత్రం అనొద్దు. నేను వద్దన్నాను.